అమ్మ కళ్ళెలో క్రిములున్నాయట... మనవరాలిని ఎత్తుకోనివ్వడం లేదు

ప్రశ్న

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలిది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పెళ్ళయి హైదరాబాద్‌లో ఉంటున్నారు. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

వాళ్ళ అమ్మగారికి 58 ఏళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళారు. 11 ఏళ్ళ కిందట టీబీ వస్తే ఆరు నెలల కోర్సు ఒక్కరోజు కూడా మానకుండా వాడి నయం చేసుకున్నారు. నాలుగేళ్ళ నుంచి మళ్ళీ దగ్గు. పొద్దున లేవగానే అరగ్లాసు దాకా పచ్చటి కళ్ళె పడుతుంది. పోయిన ఏడాదిలో నాలుగుసార్లు జ్వరం, ఆయాసంతో మంచాన పడ్డారు. అలా పడ్డప్పుడల్లా ఎప్పుడో రాయించుకున్న పాత చీటీ పట్టుకెళ్ళి మెడికల్ షాపులో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు తెప్పించుకుంటారు. మూడు నాలుగు రోజులు వేసుకుని, జ్వరం దిగగానే ఆపేస్తారు. బరువు 41 కిలోలకు వచ్చింది. కళ్ళె కల్చర్ (కళ్ళెలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) జనవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చేయిస్తే రెండుసార్లూ సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందని రిపోర్టు వచ్చింది. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగం మచ్చపడిందనీ, మధ్య, కింది భాగాల్లో బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పయి పాడవడం) ఉందనీ రాశారు. ఒక డాక్టరు "ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా అందరికీ ఉంటుంది, పట్టించుకోకండి" అన్నారట. ఇంకో డాక్టరు "ఇది మొండి క్రిమి, అడ్మిట్ చేసి 14 రోజులు ఇంజెక్షన్లు ఇవ్వాలి" అన్నారట.

అమ్మగారు కొడుకు దగ్గరే ఉంటున్నారు. కోడలికి మూడు నెలల పాప. రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి పెద్దావిడకు కంచం, గ్లాసు వేరు చేశారు, మంచం వరండాలోకి మార్చారు. పాపను ముట్టుకోనివ్వడం లేదు. "టీబీ తిరగబెట్టింది, మనకు చెప్పకుండా దాస్తోంది" అని కొడుకు అనుమానం. దసరాకు వెళ్ళినప్పుడు పాఠకురాలు ఒకటి గమనించారు. ఇంకా తెల్లారకముందే అమ్మ పెరట్లోకి వెళ్ళి, కొళాయి కింద ఖాళీ బిందె పెట్టి, ధార పూర్తిగా వదిలి, ఆ చప్పుడులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పగలు నలుగురిలో ఉన్నప్పుడు కళ్ళె వస్తే మింగేస్తోంది. "ఆరేళ్ళ కింద నా కొడుకు పుట్టినప్పుడు నేనూ వాణ్ణి అమ్మ పక్కలో పడుకోనివ్వలేదు. అన్నయ్యను ఏ మొహం పెట్టుకుని అడగను?" అని రాశారు.

ఇది టీబీయా? పాపకు అంటుతుందా? ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి? అమ్మను తన దగ్గరికి తెచ్చేసుకోవాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీరు పంపిన రిపోర్టులన్నీ చూశాను. మనిషిని చూడకుండా, ఛాతీ మీద స్టెత్ పెట్టకుండా మందు రాయడం సరికాదు కాబట్టి ఆ పని చేయను. మీ డాక్టరును ఏమేం అడగాలో, ఏ దారిలో వెళితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం ఈ కాగితాలు చాలు.

అన్నిటికన్నా ముందు ఆ కొళాయి సంగతి మాట్లాడాలి. మీ అమ్మగారి జబ్బులో కళ్ళె బయటికి రావడమే సగం వైద్యం. దగ్గు ఎవరికీ వినపడకూడదని ఆవిడ తెల్లవారుజామున హడావుడిగా నాలుగు దగ్గులు దగ్గి సరిపెట్టుకుంటున్నారు, పగలంతా బిగపట్టుకుంటున్నారు. మింగిన కళ్ళె వల్ల కడుపుకేమీ కాదు గానీ, ఎంత పడుతోందో, రంగు మారిందో లేదో ఎవరికీ తెలియకుండా పోతోంది. బిగపట్టిన కళ్ళె లోపలే ఉండిపోతోంది. ఇంట్లో ఆవిడ పడుతున్న సిగ్గు ఊపిరితిత్తుల్లో క్రిములకు మేత అవుతోంది. అందుకే మీ ఇంటి గొడవను, ఆ జబ్బును విడదీసి జవాబు చెప్పడం నాకు కుదరదు.

మొదటి డాక్టరుగారు చెప్పినది అబద్ధం కాదు. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో ఒక్క క్రిమి కూడా ఉండదని వైద్య పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. మన ఒంట్లో నివసించే సూక్ష్మజీవులను లెక్కగట్టడానికి 2007లో అమెరికాలో పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు కూడా ఊపిరితిత్తులను అందులో చేర్చలేదు. 2010లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతుల శ్వాసనాళాల నుంచి నమూనాలు తీసి, బ్యాక్టీరియా డీఎన్ఏ కోసం వెతికారు. ఒక చదరపు సెంటీమీటరుకు సగటున 2,000 దాకా బ్యాక్టీరియా ఆనవాళ్ళు దొరికాయి. ఎక్కడినుంచి వస్తాయంటే, మన నోటి నుంచే. నిద్రలో మనకు తెలియకుండానే లాలాజలం కొద్దికొద్దిగా గాలిగొట్టంలోకి జారుతుంది, దాంతోపాటు నోట్లోని బ్యాక్టీరియా కూడా వెళుతుంది. దగ్గు, నాళాల లోపల శైలికలు అనే సన్నటి నూగు, తెల్లరక్తకణాలు కలిసి వాటిని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంటాయి. వచ్చేవీ పోయేవీ సరిసమానంగా ఉన్నంతకాలం మనకే ఇబ్బందీ ఉండదు. అదే పరిశోధనలో ఆస్తమా, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళను చూస్తే, మామూలుగా ఉండే ప్రివొటెల్లా లాంటివి తగ్గి, హిమోఫిలస్ లాంటివి పెరిగి కనిపించాయి. అంటే ఊపిరితిత్తుల్లో క్రిములున్నాయా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఏవి ఉన్నాయి, ఎంత ఉన్నాయి, బయటికి పోతున్నాయా లేక తిష్ఠ వేశాయా అన్నది చూడాలి.

మీ అమ్మగారి విషయంలో తిష్ఠ వేశాయి. టీబీ తగ్గింది గానీ పోతూ పోతూ కొన్ని నాళాల గోడలను దెబ్బతీసి పోయింది. అవి వెడల్పయి వదులైపోయాయి, లోపలి నూగు పోయింది. మీది డెల్టా పక్క ఊరు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. గట్లు కుంగి వెడల్పయిన పంటకాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే నీళ్ళు కదలక నిలిచిపోతాయి కదా, ఆ నాళాల్లో కళ్ళె కూడా అలాగే నిలిచిపోతుంది. నిలిచిన కళ్ళెలో క్రిములు పెరుగుతాయి. వాటిని చంపడానికి తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. అవి వదిలే ఎంజైములు క్రిములతోపాటు నాళం గోడను కూడా తింటాయి. గోడ ఇంకా పాడవుతుంది, కళ్ళె ఇంకా నిలుస్తుంది. 1986లో లండన్ వైద్యుడు పీటర్ కోల్ ఈ విషవలయాన్ని వివరించినప్పటి నుంచి బ్రాంకియెక్టాసిస్ వైద్యమంతా దాన్ని ఎక్కడో ఒకచోట తెంపడం మీదే నడుస్తోంది. కళ్ళెలో మీకు కనిపించే ఆ పచ్చదనం కూడా చాలావరకు తెల్లకణాల్లోని ఒక ఎంజైము రంగే.

సూడోమోనాస్ అంటే ఎక్కడినుంచో ఊడిపడ్డ వింత క్రిమి అనుకోకండి. మట్టిలో, తడి ఉన్నచోట, సింకు గొట్టాల్లో, మందును పొగమంచులా మార్చి పీల్పించే నెబ్యులైజర్ కప్పును సరిగా కడగకపోతే అందులో కూడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో దానికి నిలువ నీడ దొరకదు. దెబ్బతిన్న నాళం దొరికితే మాత్రం చుట్టూ జిగురు పొర అల్లుకుని దాని మాటున స్థిరపడుతుంది. ఆ పొరను దాటి మందులు సరిగా పనిచేయలేవు. ఒకే ఏడాదిలో మూడు నెలలకు మించిన ఎడంతో రెండుసార్లు కల్చర్‌లో కనిపిస్తే స్థిరపడిందనే లెక్క. మీవి జనవరి, ఆగస్టు రిపోర్టులు. కాబట్టి "పట్టించుకోకండి" అన్న సలహా మీ అమ్మగారికి వర్తించదు. సూడోమోనాస్ స్థిరపడినవాళ్ళలో జబ్బు ఎక్కువసార్లు తిరగబెడుతుంది, ఊపిరితిత్తులు త్వరగా దెబ్బతింటాయి. ఇది మీ ఒక్క ఇంట్లో జరిగే సంగతి కూడా కాదు. మన దేశంలో 31 కేంద్రాల నుంచి 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించారు. వాళ్ళలో 35.5 శాతం మందికి టీబీ తర్వాతే ఈ జబ్బు వచ్చింది. వాళ్ళ కళ్ళెలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన బ్యాక్టీరియా కూడా సూడోమోనాసే.

ఇక టీబీ సంగతి. మీ అన్నయ్యకు అనుమానం రావడంలో తప్పు లేదు. ఒకసారి టీబీ వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువే. కాబట్టి నోటిమాటతో కాకుండా కాగితం మీద తేల్చండి. మీరు పంపినవాటిలో మైక్రోస్కోపు కింద చూసిన కళ్ళె పరీక్ష ఒక్కటే ఉంది. నెగెటివ్ అయినా అదొక్కటే చాలదు. ప్రభుత్వ ఆసుపత్రి టీబీ విభాగంలో కళ్ళెలో టీబీ క్రిమి డీఎన్ఏను వెతికే పరీక్ష, సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ, ఉచితంగా చేస్తారు, ఫలితం త్వరగా వస్తుంది. దాంతోపాటు టీబీ కల్చర్‌కు కూడా పంపమని గట్టిగా అడగండి. దీనికి కారణాలున్నాయి. పాత టీబీ ఉన్నవాళ్ళలో చచ్చిపోయిన క్రిముల డీఎన్ఏ మిగిలి ఉండి సీబీనాట్‌లో పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. బతికున్న క్రిములు ఉన్నాయో లేదో కల్చర్‌లోనే తేలుతుంది, దానికి ఆరు వారాల దాకా పడుతుంది. రెండోది, టీబీ క్రిమికి దగ్గర చుట్టాలైన వేరే మైకోబ్యాక్టీరియాలు కూడా ఇలాంటి ఊపిరితిత్తుల్లో చేరతాయి. మైక్రోస్కోపులో అవీ టీబీలాగే కనిపిస్తాయి గానీ వాటి మందులు వేరు. పాత టీబీ గుంతల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరగడం కూడా చూస్తుంటాం, దానికి రక్తపరీక్ష ఉంది. అదీ అవసరమేమో అడగండి.

నమూనా తీసేటప్పుడు జాగ్రత్త. పొద్దున్నే మంచినీళ్ళతో నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి, ఛాతీలోంచి వచ్చిన కళ్ళె పట్టాలి. ఉమ్మి పట్టి ఇస్తే నోటి బ్యాక్టీరియా గురించి రిపోర్టు వస్తుంది. డబ్బా మూత బిగించి వీలైనంత త్వరగా ల్యాబుకు చేర్చండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. ముఖ్యంగా లెవోఫ్లాక్సాసిన్ మింగుతూ ఇవ్వకూడదు.

ఆ మాత్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీ ఉత్తరంలో నాకు భయం వేసిన విషయం ఇదే. లెవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. ఇలా మూడు రోజులు, నాలుగు రోజులు వాడితే నిజంగా టీబీ ఉన్నా పైకి తగ్గినట్టు కనిపించి, పరీక్షకు దొరకకుండా నెలల తరబడి దాక్కుంటుంది. ఇంకో సంగతి, సూడోమోనాస్ మీద నోటి ద్వారా వేసుకోవడానికి మనకున్నవి దాదాపుగా ఈ కోవ మందులే, అంటే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్. అరకొర మోతాదులతో వాటికి క్రిమి అలవాటు పడిపోతే ఆ తర్వాత చిన్న జ్వరానికి కూడా ఇంజెక్షన్లే గతి. ఆగస్టు రిపోర్టు రెండో పేజీ చూడండి. జనవరిలో "ఎస్" (మందు బాగా పనిచేస్తుంది) అని ఉన్నచోట లెవోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఇప్పుడు "ఐ" (అంతంతమాత్రం) అని ఉంది. అంటే పట్టు సడలుతోందని అర్థం. ఆ పాత చీటీని ఈరోజే చించేయించండి. మెడికల్ షాపు అతనితో కూడా మీరే ఫోన్‌లో మాట్లాడి, డాక్టరు కొత్తగా రాస్తే తప్ప ఇవ్వొద్దని చెప్పండి.

పాప సంగతి. టీబీ లేదని తేలితే, మిగిలిన ఈ బ్యాక్టీరియా వల్ల ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డకు భయం లేదు. ఈ క్రిమి అంటే భయపడాల్సింది మీ అమ్మగారిలా ఊపిరితిత్తులు దెబ్బతిన్న మరో రోగి, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టి ఇంకా ఆసుపత్రిలో ఉన్న బిడ్డ. మీ పాప అలాంటిది కాదని రాశారు. చేతులు సబ్బుతో కడుక్కుని ఎత్తుకోవచ్చు, పక్కలో వేసుకోవచ్చు. ఆవిడకు కొత్తగా జలుబు, జ్వరం వచ్చినప్పుడు మాత్రం నాలుగు రోజులు దూరంగా ఉండడమో మాస్కు పెట్టుకోవడమో చేయాలి. ఆ మాట ఇంట్లో అందరికీ వర్తిస్తుంది, మీ అన్నయ్యతో సహా. సీబీనాట్ ఫలితం వచ్చేదాకా కూడా పాప దగ్గర మాస్కు పెట్టుకోమనండి, పాపను వేరే గదిలో పడుకోబెట్టమనండి. ఆ జాగ్రత్త న్యాయమైనదే.

కంచం, గ్లాసు వేరు చేయడంలో మాత్రం ఏ న్యాయమూ లేదు. టీబీ ఉన్నా సరే, అది గాలి ద్వారా వస్తుంది గానీ కంచం ద్వారా రాదు. ఈ విషయం తేలి అరవై ఏళ్ళు దాటింది. 1956లో మద్రాసులో మొదలైన టీబీ కీమోథెరపీ (మందులతో వైద్యం) కేంద్రం రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానటోరియం అనే టీబీ ఆసుపత్రిలో, ఇంకో జట్టును వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులిచ్చింది. 1959లో ఫలితాలు బయటికొచ్చాయి. ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్ళకు కూడా జబ్బు దాదాపు అంతే బాగా తగ్గింది. ఇంట్లో రోగి ఉండటం వల్ల కుటుంబానికి అదనంగా ముప్పేమీ రాలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియాల్లో నెలల తరబడి ఉంచే కాలం పోయి, ఇంట్లోనే మందులు వాడే పద్ధతి రావడానికి ఆ పరిశోధనే పెద్ద కారణం.

అయితే ఇదంతా మీ వదిన ముందు తీర్పు చదివినట్టు చదవకండి. మూడు నెలల బిడ్డ తల్లి. రిపోర్టు మీద ఏదో క్రిమి పేరు చూసింది. దాని గురించి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. భయపడక ఏం చేస్తుంది? టీబీ పరీక్షకు వెళ్ళేటప్పుడు మీ అన్నయ్యను వెంట పంపండి. ఫలితం డాక్టరు నోటినుంచి ఆయనే వినాలి. మీరు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి చెబితే "కూతురు తల్లిని వెనకేసుకొస్తోంది" అనిపిస్తుంది. పాపకు టీకాలు వేయించే పిల్లల డాక్టరును కూడా ఒకమాట అడగమని మీ వదినతో అనండి. మనం వంద చెప్పినదానికన్నా ఆయన చెప్పిన ఒక్క మాట ఆ అమ్మాయికి ధైర్యం ఇస్తుంది.

ఇప్పుడు మందుల దారులు. రెండో డాక్టరుగారు చెప్పిన 14 రోజుల ఇంజెక్షన్లు తప్పుడు వైద్యమేమీ కాదు. జబ్బు తిరగబెట్టి, మాత్రలకు లొంగనప్పుడు అదే చేస్తారు. మీ అమ్మగారికి ఇప్పుడు జ్వరం లేదు, కళ్ళె ఎప్పుడూ ఉన్నంతే ఉందని రాశారు. ఈ స్థితిలో ఇంజెక్షన్లు తీసుకుంటే కళ్ళె తగ్గొచ్చు, కొన్ని నెలలు తేలికపడొచ్చు, కానీ ఇన్నాళ్ళు పాతుకున్న క్రిమి తిరిగి కనిపించే అవకాశమే ఎక్కువ. కొన్ని ఇంజెక్షన్ల వల్ల మూత్రపిండాలకు, వినికిడికి ఇబ్బంది రావొచ్చు. అడ్మిట్ అయ్యేట్టయితే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి వస్తుందో రాదో ముందే కనుక్కోండి.

రెండో దారి, కొలిస్టిన్ లాంటి యాంటీబయాటిక్‌ను నెబ్యులైజర్ ద్వారా నెలల తరబడి పీల్చడం. మందు నేరుగా నాళాల్లోకి చేరుతుంది, మిగతా ఒంటికి అంతగా తగలదు. ఖర్చు ఉంటుంది, రోజూ సమయం కేటాయించాలి. కొందరికి మొదటిసారి పీల్చగానే ఛాతీ బిగుసుకుంటుంది కాబట్టి మొదటి డోసు ఆసుపత్రిలోనే ఇస్తారు. మూడో దారి, అజిత్రోమైసిన్ తక్కువ మోతాదులో, వారానికి మూడుసార్లు చొప్పున, నెలల పాటు. ఇది సూడోమోనాస్‌ను చంపదు గానీ వాపును తగ్గిస్తుంది. న్యూజిలాండ్, నెదర్లాండ్స్‌లలో చేసి 2012, 2013లలో ప్రచురించిన పరిశోధనల్లో అజిత్రోమైసిన్ వల్ల జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. ఏడాదిలో మూడు, అంతకన్నా ఎక్కువసార్లు తిరగబెట్టేవాళ్ళకు దీని గురించి ఆలోచిస్తారు. మీ అమ్మగారు ఆ లెక్కలోకి వస్తారు. మొదలుపెట్టే ముందు ఈసీజీ చూడాలి, చెవులు ఎలా వినిపిస్తున్నాయో చూడాలి. ఇందాక చెప్పిన వేరే మైకోబ్యాక్టీరియాలు లేవని కల్చర్‌లో తేలాలి, ఎందుకంటే వాటికి వాడే ముఖ్యమైన మందు కూడా ఈ కుటుంబానిదే. తేల్చుకోకుండా ఇదొక్కటే వాడితే అవి మొండిబడతాయి. నన్నడిగితే, టీబీ కల్చర్ ఫలితం వచ్చేదాకా ఆగి, ఆలోగా కళ్ళె తీసే సాధన గట్టిగా మొదలుపెట్టి, ఆ తర్వాత రెండో దారో మూడో దారో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవడం మంచిదనిపిస్తుంది. మధ్యలో జ్వరం వస్తే మాత్రం ఆగే పని లేదు.

ఆ సాధన ఎలా చేయాలో చెబుతాను. ఇది లేకుండా పై మందుల్లో ఏది వాడినా సగం ఫలితమే. పరగడుపున ఒకసారి, సాయంత్రం భోజనానికి ముందు ఒకసారి, పదిహేను ఇరవై నిమిషాలు కావాలి. ముందు భుజాలు వదిలేసి మామూలుగా ఊపిరి పీల్చాలి. తర్వాత ముక్కుతో నిండుగా పీల్చి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆపి, నెమ్మదిగా వదలాలి. ఇలా మూడు నాలుగుసార్లు. ఆ తర్వాత నోరు గుండ్రంగా తెరిచి, గొంతు బిగించకుండా, పొట్ట కండరాలతో గట్టిగా "హా" అని గాలి వదలాలి. లోతుల్లో ఉన్న కళ్ళె గొంతు దాకా వస్తుంది. అప్పుడు దగ్గి ఉమ్మేయాలి. మళ్ళీ మొదటినుంచి. కుడివైపు మధ్య, కింది భాగాల్లో జబ్బు ఉంది కాబట్టి ఎడమపక్కకు తిరిగి పడుకుని చేస్తే ఇంకా బాగా రావొచ్చు. ఏ భంగిమ సరిపోతుందో సీటీ చూసి ఛాతీ ఫిజియోథెరపిస్టు చూపిస్తారు, ఒక్కసారైనా కలవండి. కళ్ళె మరీ చిక్కగా ఉంటే ముందు ఉప్పునీటి నెబ్యులైజేషన్ ఇస్తారు, అది కూడా డాక్టరు చెప్పిన గాఢతలోనే. నెబ్యులైజర్ కప్పు, మాస్కు ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే ఏ క్రిమిని తరుముతున్నామో దాన్నే మళ్ళీ పీలుస్తాం.

మూత ఉన్న పారదర్శకమైన డబ్బా ఒకటి కొనివ్వండి. అందులో ఉమ్మితే రోజూ ఎంత పడుతోందో, రంగేమిటో తెలుస్తుంది. తర్వాత టాయిలెట్‌లో పారబోసి డబ్బా కడిగేస్తే చాలు. ఈ పని చప్పుడు లేకుండా జరగదు. పొద్దున ఇరవై నిమిషాలు ఇల్లంతా వినపడేలా దగ్గే హక్కు ఆవిడకు ఉండాలి. "అమ్మా, ఇది నీ మందు, గట్టిగా దగ్గు" అని మీ అన్నయ్య నోటివెంట ఒక్కసారి వస్తే ఆ కొళాయి అవసరం ఉండదు. మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు కంచం సంగతి తర్వాత ఎత్తండి, ముందు ఈ సాయం అడగండి. తప్పు ఎత్తిచూపితే ఎదురు తిరిగే మనిషి కూడా, చేయాల్సిన పని చూపిస్తే చేస్తాడు.

తిండి గురించి. పెరుగు, అరటిపండు కఫం చేస్తాయని మాన్పించారని రాశారు. 41 కిలోల మనిషికి ఆ పథ్యం చేటు. పెరుగు తింటే ఊపిరితిత్తుల్లో కళ్ళె పుట్టదు. గుడ్డు, పప్పు, పెరుగు, వేరుశెనగ, ఏది తినగలిగితే అది పెట్టండి. బరువు నెలకోసారి రాసుకోండి. తొడిమల పనికి ఇప్పటికీ అప్పుడప్పుడు వెళుతున్నారట, ఆ ఘాటు, ఆ దుమ్ము ఈ ఊపిరితిత్తులకు పనికిరావు. స్నానానికి నీళ్ళు కట్టెల పొయ్యి మీద కాస్తుంటే ఆ పని ఇంకెవరైనా చేయాలి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోకోకల్ టీకా వేయించండి.

మీ దగ్గరికి తెచ్చుకోవడం గురించి. మీ ఆయన "తీసుకురా" అన్నారు, అత్తగారు ఏమీ అనలేదు అని రాశారు. ఆ మౌనం సంగతి ముందే తేల్చుకోండి. ఇక్కడ కూడా ఆవిడ ఇంకో కొళాయి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. శాశ్వతంగా తెచ్చేస్తే వైద్యం దగ్గరవుతుంది, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటివి అందుబాటులో ఉంటాయి. కానీ మీ అన్నయ్యకు అది వెలివేసినట్టు అనిపిస్తుంది, ఆ ఇంటి తలుపు ఆవిడకు ఇక పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో బతికిన మనిషి ఇక్కడ అపార్ట్‌మెంట్లో ఎలా ఉండగలరో కూడా చూడాలి. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రిలో, ఏ వైద్యానికి చెల్లుతుందో ముందే అడగాలి. అక్కడే ఉంచితే ఆ ఇంట్లో భయం పోయేదాకా ఆవిడ బాధ పడాల్సి వస్తుంది. మధ్యేమార్గం ఒకటుంది. టీబీ పరీక్ష అక్కడే, అన్నయ్య చేతుల మీదుగా జరగనివ్వండి. ఆ తర్వాత వైద్యం కుదురుకునేదాకా రెండు మూడు నెలలు మీ దగ్గర ఉంచుకోండి. ఫిజియోథెరపీ నేర్చుకుని, బరువు కాస్త పెరిగి, డబ్బాలో కళ్ళె తగ్గాక వెళితే ఇంట్లోవాళ్ళ చూపూ మారుతుంది. ఏ దారైనా సరే, ఆవిడను అడిగి నిర్ణయించండి. మీ ఉత్తరంలో ఆవిడ ఏమనుకుంటున్నారో ఒక్కచోట కూడా లేదు.

ఆరేళ్ళ కింద మీ బాబు విషయంలో మీరూ భయపడ్డారు. ఆ మాట మీ వదినకు చెప్పండి. అన్నయ్యను నిలదీయడానికి అది అడ్డమనుకుంటున్నారు గానీ, ఆ అమ్మాయి పక్కన కూర్చుని మాట్లాడటానికి మీ దగ్గరున్న మంచి ఆధారం అదే.

చివరగా, ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోవాల్సినవి. కళ్ళె మామూలు కన్నా ఎక్కువైనా, చిక్కబడినా, రంగు ముదిరినా, ఆయాసం, నీరసం పెరిగినా, ఇలాంటివి రెండు మూడు కలిసి రెండు రోజులకు మించి ఉంటే జబ్బు తిరగబెడుతున్నట్టే. కళ్ళె కల్చర్‌కు ఇచ్చి అదేరోజు డాక్టరును కలవాలి. చారలుగా రక్తం పడితే ఫోన్ చేసి చెప్పాలి. చెంచాల లెక్కన రక్తం పడినా, పెదాలు నీలిబారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. రక్తం పడుతుంటే, ఏ వైపు ఊపిరితిత్తిలో జబ్బుందో ఆ వైపు కిందికి వచ్చేలా, అంటే మీ అమ్మగారిని కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. సీటీ ఫిల్మ్, రెండు కల్చర్ రిపోర్టులు, ఇంతవరకు వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు, తేదీలు ఒకే ఫైల్లో పెట్టి మీ వదిన చేతికి ఇవ్వండి. రాత్రిపూట అవసరం పడితే అది వెతకాల్సింది ఆవిడే.